తొలి సంక్రాంతికి అల్లుడికి బండి పెట్టాలట.. ఇది ఆచారమా, కట్నమా?

ప్రశ్న: మాది తూర్పు గోదావరి జిల్లాలో ఒక పల్లెటూరు. నవంబర్ రెండో వారంలో నా పెళ్లయింది. పెళ్లి రోజు లాంఛనాల కింద నాన్న 5 లక్షలు నగదు మామయ్యగారి చేతికిచ్చారు. నాకు పెట్టిన 24 కాసుల బంగారాన్ని గృహప్రవేశం అయిన మర్నాడే అత్తయ్యగారు భద్రంగా ఉంటుందని తీసుకుని ఆవిడ లాకర్లో పెట్టేశారు. ఇది మాకు మొదటి సంక్రాంతి. పండక్కి పిలవడానికి నాన్న వస్తే మామయ్యగారు ‘పెళ్లిమాటల్లో బండి అనుకున్నాం కదా బావగారూ, పండక్కి ఇచ్చేస్తే బాగుంటుంది, కొత్త అల్లుడికి పెట్టడం మన ఆచారమేగా’ అన్నారు. మావారు మంచివారే, కానీ ‘నేనేం అడగలేదు కదా’ అని ఊరుకున్నారు. నాన్న అప్పు చేయడానికి సిద్ధపడుతున్నారు. కేసులు పెట్టి కాపురం పాడు చేసుకోవాలని నాకు లేదు. కానీ చట్టం ప్రకారం ఇది కట్నమేనా? డబ్బు ఇచ్చినందుకు నాన్న మీద కూడా కేసు అవుతుందా? నా బంగారం నేను అడగొచ్చా? పెళ్లి రిజిస్ట్రేషన్ ఇంకా చేయించలేదు, దానితో ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: అమ్మా, ముందు బండి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ నాన్నగారు ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టేలోపే ఈ జవాబు మీ చేతికి రావాలి.

మీ మామగారు ఒకే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిపేశారు. కొత్త అల్లుడిని పండక్కి పిలిచి బట్టలు పెట్టడం, అరిసెలూ పూతరేకులూ కట్టి పంపడం, మీ నాన్నగారికి మనసైతే ఓ వాచీయో ఉంగరమో చేతికి పెట్టడం, ఇవన్నీ ఆచారమే, ఎవరూ కాదనరు. 2001లో సత్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా బిడ్డ పుట్టినప్పుడూ ఇతర వేడుకలప్పుడూ సంప్రదాయంగా ఇచ్చేవాటిని కట్నం కింద లెక్కవేయకూడదని చెప్పింది. కానీ ‘పెళ్లిమాటల్లో అనుకున్నాం కదా’ అన్న ఆ ఒక్క ముక్క చూడండి, దానితో బండి పండగ కానుక కాకుండా పోయింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం రెండో సెక్షన్ ప్రకారం పెళ్లికి ముందు గానీ, పెళ్లి రోజు గానీ, ఆ తర్వాత ఎప్పుడైనా గానీ, ఆ పెళ్లికి సంబంధించి ఇచ్చిందీ ఇస్తామని ఒప్పుకున్నదీ కట్నమే. సంక్రాంతికి ఇచ్చినా, దీపావళికి ఇచ్చినా, ఆషాఢంలో సారెతో పాటు ఇచ్చినా దాని పేరు మారదు. పైగా 2022 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం, ఇల్లు కట్టుకోవడానికి డబ్బు తెమ్మనడం కూడా కట్నమేనని, ఆ మాటను ఇరుకుగా అర్థం చేసుకోకూడదని స్పష్టం చేసింది.

మరి పెళ్లిమాటల్లో పెద్దల ముందు ఒప్పుకున్నారు కదా, మాట తప్పినట్టు కాదా అని మీ నాన్నగారికి గుండెల్లో గుబులు ఉంటుంది, అది నాకు తెలుసు, మన వైపు మాటకున్న పట్టు అలాంటిది. అదే చట్టంలో ఐదో సెక్షన్ ఒకటే వాక్యం, కట్నం ఇస్తామన్న ఒప్పందం చెల్లదు. కాగితం మీద రాసుకున్నా, తాంబూలాలు పుచ్చుకునేటప్పుడు పదిమందిలో చెప్పినా చెల్లదు. చట్టం దృష్టిలో మీ నాన్నగారు ఎవరికీ బండి బాకీ లేరు.

అడగడమే ఒక నేరం, ఇచ్చారా లేదా అన్నదాంతో పనిలేదు. నాలుగో సెక్షన్ కింద నేరుగా గానీ పరోక్షంగా గానీ కట్నం అడిగినవాళ్లకు 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా ఉన్నాయి. ‘ఇస్తే బాగుంటుంది’ అని మెత్తగా అన్నంత మాత్రాన అడగనట్టు కాదు. ఆ లెక్కన మన పెళ్లిళ్లలో అలక పాన్పు ఎక్కి కూర్చున్న పెళ్లికొడుకులందరి సంగతేంటని ఓ జూనియర్ లాయర్ నన్ను అడిగాడు, ఆ సరదా సరదాగానే ముగిసినంతకాలం ఎవరూ కోర్టుకు రారని చెప్పాను, అయినా అలకకు కారు తాళాలు ఇచ్చిన పెళ్లిళ్లు నేనే చూశాను కాబట్టి పూర్తిగా నవ్వలేకపోయాను.

మీవారి మాట దగ్గరకు వద్దాం. ఆయన అడగలేదు, నిజమే, తండ్రి అడిగినంత మాత్రాన కొడుకు నేరస్థుడైపోడు. కానీ ఆ బండి ఎక్కి తిరగబోయేది ఆయనే. కాబట్టి మీరు మామగారితో వాదన పెట్టుకోకండి, మీవారిని కూర్చోబెట్టి ఐదో సెక్షన్, నాలుగో సెక్షన్ ఏం చెబుతున్నాయో మామూలు మాటల్లో చెప్పండి, తర్వాత ఆయన చేతే మీ నాన్నగారికి ఫోన్ చేయించి ‘బండి గిండి ఏం వద్దు మామయ్యగారూ, పండక్కి వస్తున్నాం’ అనిపించండి. నా అనుభవంలో ఇలాంటి తగాదాల్లో సగం ఆ ఒక్క ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోతాయి, మిగతా సగం ఆ ఫోన్ చేయని భర్తల వల్లే నా ఆఫీసు దాకా వస్తాయి. మీ నాన్నగారికి ఏదో ఒకటి ఇవ్వాలనే ఉంటే ఎప్పుడో వీలున్నప్పుడు మీ పేరు మీద, బ్యాంకు ద్వారా, మీకే ఇవ్వమనండి. ఇప్పుడు మాత్రం అడిగారు కాబట్టి ఇవ్వకూడదు.

ఇక ఆ 5 లక్షలు. మూడో సెక్షన్ ఇచ్చినవాళ్లనూ తీసుకున్నవాళ్లనూ ఒకే గాటన కడుతుంది, కనీసం 5 ఏళ్ల జైలు, 15 వేలు లేదా కట్నం విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి తగ్గకుండా జరిమానా. ఇది చదివి కంగారు పడకండి. బాధితులు తమకు జరిగింది చెప్పుకుంటే ఆ మాటలనే పట్టుకుని వాళ్లనే ముద్దాయిలను చేయకూడదని ఏడో సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో రక్షణ ఉంది. ఆడపిల్ల తండ్రిగా అడిగితే తప్పక ఇచ్చానన్న వాదనకు ఇది పెద్ద అండ. అయితే ఇచ్చినదాన్ని గొప్పగా చెప్పుకు తిరిగే తండ్రికి ఆ వాదన అంత నప్పదు, కాబట్టి ఊళ్లో ‘5 లక్షలు పోశాం’ అనే కబుర్లు కట్టిపెట్టమనండి. ఇంకో సంగతి, పన్ను చట్టం ప్రకారం ఒక సందర్భంలో ఒకరి దగ్గర 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నవారికి అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఇది మీ మామగారు వినాల్సిన మాట, మీరు దిగులు పడాల్సింది కాదు.

చాలామందికి తెలియనిది ఆరో సెక్షన్. కట్నం ఎవరి చేతిలో పడినా అది పెళ్లికూతురి సొత్తు. పెళ్లి రోజు తీసుకున్నది అయితే, తీసుకున్న తేదీ నుంచి 3 నెలల్లోగా ఆమెకు అప్పగించాలి, అప్పటిదాకా ఆమె తరఫున దాచిపెట్టినట్టే లెక్క. అప్పగించకపోతే అది విడిగా ఇంకో నేరం, 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీ పెళ్లి నవంబర్ రెండో వారం అన్నారు, అంటే ఫిబ్రవరి రెండో వారంతో ఆ గడువు తీరిపోతుంది. మీవారు నెమ్మదస్తులే కాబట్టి ‘ఆ డబ్బు కోడలి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేద్దాం నాన్నా’ అని ఆయనే కదిపితే సామరస్యంగా పోతుంది. తీసుకున్న తప్పు దాంతో చెరిగిపోదు గానీ, ఇంకో తప్పు నెత్తి మీద పడకుండా ఆగుతుంది.

బంగారం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఆ 24 కాసులు మీ స్త్రీధనం, పూర్తిగా మీది. భర్తదీ కాదు, అత్తగారిదీ కాదు, మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మీ నాన్నగారిది కూడా కాదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పినప్పటి నుంచి ఇది మారలేదు, దాచమని ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం అవుతుంది, పాత ఐపీసీ బదులు వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 316వ సెక్షన్. 2024 ఏప్రిల్‌లో కేరళ నుంచి వెళ్లిన ఒక కేసు అచ్చం మీ కథలాగే మొదలైంది, పెళ్లి రాత్రే భర్త నగలు తీసుకుని భద్రత కోసమని తల్లికి ఇచ్చాడు, ఏళ్ల తర్వాత సుప్రీంకోర్టు భార్యకు 25 లక్షలు చెల్లించమంది. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన మరో కేసులో, కూతురు అడగకుండా తండ్రి తనంతట తానే ఆమె నగలు తిరిగి ఇప్పించమని కేసు పెడితే, ఆ హక్కు కూతురిది, మీది కాదని కొట్టేసింది. కాబట్టి మీ నాన్నగారు ఆవేశపడి ‘నా బంగారం నాకు పడేయండి’ అనకుండా చూసుకోండి, అడగాల్సింది మీరు.

ఎలా అడగాలి? నోటీసు ఇవ్వనక్కర్లేదమ్మా, సంక్రాంతే మీకు మంచి సాకు. కొత్త కోడలు తొలి పండక్కి పుట్టింటికి బోసి మెడతో వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? ‘అత్తయ్యా, పండక్కి నగలన్నీ పెట్టుకుని వెళ్లాలి, లాకర్ తీయించండి’ అంటే ఏ అత్తగారికీ కాదనడానికి నోరు రాదు, ఎందుకంటే అది ఆవిడ పరువు కూడా. భోగి నాటికి నగలు మీ దగ్గరకు వచ్చాక ఒక్కోదానికీ ఫోటో తీయండి, తూకం వేయించండి, కొన్న బిల్లులతో, వాటి మీద ఉన్న హాల్‌మార్క్ గుర్తింపు నంబర్లతో సరిచూసుకోండి, కనుమ వెళ్లాక మీ పేరు మీదే ఒక లాకర్ తీసుకుని అందులో పెట్టండి. అత్తగారు అడిగితే ‘భద్రంగా ఉంటుంది’ అనండి, ఆవిడ అన్న మాటే.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. పెళ్లిలో మీకు, మీవారికి వచ్చిన కానుకలకు జాబితా రాసి ఉండాలని వరకట్న నిషేధ చట్టం కింద చేసిన 1985 నిబంధనలు చెబుతున్నాయి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఇచ్చింది ఎవరు, బంధుత్వం ఏమిటి, కింద ఇద్దరి సంతకాలు. అడగకుండా ఇచ్చిన కానుకలు ఇలా జాబితాలో ఉంటే పెళ్లినాటి కానుకలుగా మినహాయింపు దొరుకుతుంది, అయితే వరుడికి ఇచ్చినవి ఆచారం ప్రకారం ఉండాలి, ఇచ్చినవాళ్ల స్తోమతకు మించకూడదు. ఇదేదో ఢిల్లీలో కూర్చుని రాసిన వింత నిబంధన అనుకుంటారు గానీ, మనవాళ్లు తరతరాలుగా చేస్తున్నదేగా ఇది! పందిట్లో ఒకాయన మైకు పట్టుకుని ‘పెళ్లికూతురి మేనమామగారు, రెండు కాసుల గొలుసు’ అని చదువుతుంటే పక్కన ఇంకొకాయన నోటుబుక్కులో రాస్తుంటాడే, ఆ చదివింపుల పుస్తకానికి విలువలు చేర్చి, కింద వధూవరుల సంతకాలు పెట్టిస్తే ఇంచుమించు చట్టం అడిగిన జాబితా అదే. కానీ మనం దాన్ని తిరుగు చదివింపుల కోసం దాచుకుంటాం తప్ప కోర్టుకు పనికొస్తుందని ఎవరూ అనుకోరు. ఓ కేసులో జాబితా లేక, పెళ్లి వీడియోను నిమిషనిమిషానికీ ఆపుకుంటూ పెళ్లికూతురి చేతికి ఎన్ని గాజులున్నాయో లెక్కపెట్టాం, తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి బియ్యం అడ్డొచ్చి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

మీ చదివింపుల పుస్తకం ఏ బాబాయిగారి బీరువాలోనో ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడు తీయించండి. పెళ్లప్పుడే రాయాలి, లేదా వీలైనంత త్వరగా రాయాలి, రెండు నెలలైంది కాబట్టి ఇంకా జాగు చేయొద్దు. మీ కానుకలకు ఒకటి, ఆయన కానుకలకు ఒకటి రాసి, ఇద్దరూ రెండింటి మీదా సంతకం పెట్టండి, పెద్దలతో సాక్షి సంతకాలు కూడా పెట్టిస్తే ఇంకా మంచిది. ఆ 5 లక్షలను మాత్రం ‘కానుక’ అని రాయకండి, అది అడగకుండా ఇచ్చింది కాదు.

వీటిలో ఏదీ కుదరక, బండి గురించి సాధింపులు మొదలైతే వెంటనే పోలీసు స్టేషన్‌కే వెళ్లాలని లేదు. 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు మీ స్త్రీధనం తిరిగి ఇవ్వమని ఆదేశించగలరు, దానికి ఎవరినీ అరెస్టు చేయించనక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేసినా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా లాయర్‌ని ఇస్తారు, ముందు రాజీ ప్రయత్నమూ చేస్తారు. చేయి చేసుకోవడం, పుట్టింటికి తరమడం దాకా వస్తే అప్పుడు న్యాయ సంహిత 85వ సెక్షన్, అంటే పాత 498ఏ, వెనకాడకుండా వాడండి. కానీ అప్పుడు కూడా ఎవరు ఏం చేశారో అది మాత్రమే రాయండి. మీ ఆడపడుచునూ, హైదరాబాద్‌లో ఉండే బావగారినీ ఊరికే ఇరికించొద్దు, అలా చేయొద్దని 2024 డిసెంబర్‌లో తెలంగాణ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన మీ పెళ్లికి లోటేమీ లేదు, సంప్రదాయం ప్రకారం తంతు జరిగింది, అదే పెళ్లి. కానీ పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ మీద ఆంధ్రప్రదేశ్ చేసిన 2002 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పాస్‌పోర్టుకో వీసాకో అవసరం పడ్డప్పుడు పరుగెత్తే బదులు ఇప్పుడే చేయించేయండి. శుభలేఖ, పెళ్లి ఫోటోలు, వయసుకూ చిరునామాకూ ఆధారాలు, సాక్షులను తీసుకుని పండగ సెలవులు అయ్యాక సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి ఇద్దరూ వెళ్లి రండి. అదే రోజు ఆ కానుకల జాబితాల మీద సంతకాలు కూడా అయిపోతే ఒక పని తీరుతుంది. ఫోటోలు తీసి మీ నాన్నగారి ఫోన్‌కి పంపండి, అసలు కాగితాలు మాత్రం అత్తగారి లాకర్లో పెట్టకండి.