అల్ఫామా మెట్లెక్కే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, నువ్వు నవంబరు 1న లిస్బన్ వెళ్తున్నావనీ, నాలుగు రోజులు ఒక్కదానివే అక్కడి పాత పేట అల్ఫామాలో ఉంటావనీ చెప్పాడు. ఆ పేరు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మన ఇంట్లో ఆ పేటలో కాలు పెట్టినవాడిని నేనొక్కడినే. అదీ 1987లో, నేను పనిచేసే ఓడ రేవులో ఆగిన ఒక్క మధ్యాహ్నం. ఇప్పుడు నువ్వు చదువుకుంటూ, సాయంత్రాలు పని చేసి కూడబెట్టుకున్న డబ్బుతో, ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా వెళ్తున్నావు. చాలా గర్వంగా ఉందమ్మా. ఆ ‘ఎవరినీ అడగకుండా’ అన్నచోటే భయమూ వేసింది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు చిన్న సంగతులు. పెట్టె చిన్నది తీసుకో. మెట్రో నీలం లైను చివర శాంటా అపోలోనియాలో దిగితే పేట అడుగుకు చేరతావు, అక్కడి నుంచి అంతా ఎక్కుడే. రాత్రి పూట చక్రాల పెట్టెను ఆ రాళ్ళ మీద ఈడ్చవద్దు. ఆ గోడల వెనక పొద్దున్నే పనికి వెళ్ళాల్సినవాళ్ళు నిద్రపోతుంటారు. ప్రయాణికులకు అద్దెకిచ్చే గదులు పెరిగాక ఆ పేటలో పాతకాపులు తగ్గిపోయారు, మిగిలినవాళ్ళ నిద్రయినా మనం చెడగొట్టకూడదు. ఆరేసిన బట్టలను, కిటికీ లోపలి ముసలమ్మలను అడగకుండా ఫోటో తీయవద్దు.

అడుగు భాగం జారని బూట్లు వేసుకో. అక్కడ దారులు చాలావరకు నున్నటి రాయి ముక్కలతో పరిచినవి. తడిస్తే నూనె రాసినట్టు ఉంటాయి, నువ్వు వెళ్ళేదేమో వానల నెల. మెట్లు సింహాచలం మెట్లలా ఒక తీరుగా ఉండవు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు, మధ్యలో ఎవరి గడపో వస్తుంది. అందుకని పైనుంచి కిందికి నడువు. 28వ నంబరు ట్రాము మార్తిమ్ మోనిజ్‌లో బయలుదేరుతుంది, పొద్దున్నే వెళ్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. ఎండెక్కాక ఎక్కితే జనం, జేబుదొంగలు. ట్రాములో టికెట్టు కొంటే ఎక్కువ పడుతుంది, మెట్రో స్టేషనులో కార్డు తీసుకుని 24 గంటల టికెట్టు వేయించుకో. కొండ మీది గ్రాసా దగ్గర దిగి, నది వైపు దిగుతూ రా. దారి తప్పినా పరవాలేదు, కిందికి దిగేకొద్దీ నదే వస్తుంది.

చూడదగినవాటిలో చాలావాటికి డబ్బు అక్కర్లేదు. పోర్టాస్ దో సోల్ దగ్గర నిలబడితే ఎర్ర పెంకుల కప్పులన్నీ తేజు నది దాకా మెట్లు మెట్లుగా దిగిపోతుంటాయి. పక్కనే శాంటా లూజియా గుడి బయటి గోడకు నీలం పలకల బొమ్మలున్నాయి. వాటిని తొందరపడకుండా చూడు. ఒకదానిలో 1147లో క్రైస్తవ సైన్యం కోటను పట్టుకోవడం ఉంటుంది. రెండోదానిలో నదీతీరపు చౌకు ఉంటుంది, భూకంపానికి ముందు ఉన్నట్టుగా. నువ్వు దిగేది సరిగ్గా ఆ రోజునే. 1755 నవంబరు 1న, సర్వపునీతుల పండుగ పూట, జనం గుళ్ళలో ఉండగా భూమి కదిలింది. కూలగా మిగిలినవాటిని దీపాల మంటలు తిన్నాయి, ఆ వెనకే నది మీదుగా సముద్రం పొంగి వచ్చింది. కింది ఊరంతా పోయింది. ఇప్పుడు అక్కడ కనిపించే తిన్నని వీధులు ఆ తరవాత గీసి కట్టినవి. అల్ఫామా మాత్రం కోట కొండ గట్టినేల మీద ఉండి చాలావరకు నిలిచింది. దాని వంకర గొందులు అరబ్బుల కాలంనాటివి, ఆ పేరు కూడా వేడినీటి ఊటలకు వాళ్ళు పెట్టిన మాటే. ఆ ఉదయం ఏదో ఒక మెట్టు మీద ఒక నిమిషం కూర్చో.

మంగళవారం గానీ శనివారం గానీ కుదిరితే శాంటా క్లారా మైదానంలో పాత సామాన్ల సంత చూడు. హోటళ్ళలో పాడే అక్కడి దిగులు పాట ఫాడో వినాలనిపిస్తే, కూర్చునే ముందే కనీసం ఎంతకు తినాలో అడుగు. పాట మొదలయ్యాక మాట్లాడవద్దు, అక్కడ గాజు గ్లాసు కూడా చప్పుడు చేయనివ్వరు.

ఇక తిండి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే.

1987లో ఆ రోజు వాన. ఓడ రాత్రి పదింటికి కదలాలి, నాకు సాయంత్రం దాకా సెలవు. జేబులో అప్పటి అక్కడి డబ్బు, ఎస్కుడోలు, కొద్దిగా ఉన్నాయి, జీతం పైరేవులో ఇస్తారు. తిరిగి తిరిగి తడిసి ముద్దయి, ఒక గొందిలో నాలుగు బల్లలున్న చిన్న హోటలులోకి వెళ్ళాను. మా అమ్మ వయసున్న ఆవిడ నన్ను చూసి లోపలికి వెళ్ళి, ఒక గుడ్డ తెచ్చి చేతికిచ్చి “తువాల్య” అంది. మన తువ్వాలే! మేస్త్రీ, అలమార, బొత్తాం, ఇవన్నీ పోర్చుగీసువాళ్ళు మనకు వదిలి వెళ్ళిన మాటలని నాకు అప్పటికి తెలియదు. పరాయి దేశంలో మన ఇంటి మాట వినబడితే చుట్టాలింటికి వచ్చినట్టయింది. ఆవిడ రొట్టె, ఆలివ్ కాయలు, ఒక చిన్న జున్ను గడ్డ తెచ్చి పెట్టింది. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళిచ్చినట్టు మర్యాద అనుకుని అన్నీ తిన్నాను. తరవాత చేప తెప్పించుకున్నాను, దాని ధర మాత్రం ముందే లెక్క చూసుకున్నాను.

ఆవిడ బల్ల మీద పరిచిన కాగితం మీదే బిల్లు రాసింది. రొట్టెకో వరుస, ఆలివ్‌లకో వరుస, జున్నుకో వరుస. నా దగ్గర ఉన్నది సగానికి కాస్త ఎక్కువ. అక్కడ అది మోసం కాదమ్మా, వాళ్ళ పద్ధతి. అడగకుండా పెట్టినదాన్ని ముట్టకపోతే డబ్బు తీసుకోరు, ముడితే తీసుకుంటారు. వద్దంటే ఏమీ అనుకోరు.

ఆవిడ కోప్పడలేదు. తలుపు వైపు చెయ్యి చూపి “అమన్యా, అమన్యా” అంది. నాకు అర్థం కాలేదు, పొమ్మంటోందనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. చేతికున్న వాచీ తీసి బల్ల మీద పెట్టాను. నేను ఓడ ఎక్కేటప్పుడు మా నాన్న, అంటే మీ తాతయ్య, కొనిచ్చిన హెచ్‌ఎంటీ వాచీ. ఆవిడ వద్దు వద్దని తల ఊపుతూనే ఉంది. నేను వినకుండా బయటికి వచ్చేశాను.

రేవుకు ఇరవై నిమిషాల నడక. అప్పటికి ఇంకా నాలుగు గంటల టైముంది. ఓడలో గోవా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు, పోర్చుగీసు తెలిసినవాడు. ఆయన దగ్గరికి వెళ్ళి “అమన్యా అంటే ఏమిటి” అని అడిగాను. “రేపు” అన్నాడు. రేపు ఇవ్వమంది ఆవిడ. ఆయన జేబులో డబ్బుంది, నాకు ఎప్పుడడిగినా ఇచ్చేవాడు. ఆ మాటకు అర్థం అడగగలిగిన నోరు డబ్బు అడగలేకపోయింది. అడిగితే ఎందుకని అడుగుతాడు, రొట్టె సంగతి చెప్పాలి. నాలుగు గంటలూ ఇంజను గదిలో కూర్చున్నాను. పదింటికి ఓడ కదిలింది.

వాచీ సముద్రంలో పడిపోయిందని తాతయ్యకు చెప్పాను. ఆయన “పోనీలేరా, నువ్వు పడలేదుగా” అన్నారు. నిజం ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ నీకే మొదట చెబుతున్నాను.

పోయిన చలికాలం నువ్వు రెండు నెలలు గది అద్దె కట్టలేక, ఒక పూట తిని, ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. నీ స్నేహితురాలి ద్వారా తెలిసినప్పుడు మీ నాన్న ఏడ్చాడు. నేను ఏడవలేదు, నాకు కోపం వచ్చింది. అది నా లక్షణం, నీకు ఎలా వచ్చిందా అని. నిన్ను తిట్టాలనే కూర్చున్నాను, చేతులు రావడం లేదు.

తిండి ముందు ధర పలక చూడు. రోజువారీ వంటకం చవక, సగం వంతు ఇమ్మని అడగవచ్చు, ‘మెయా దోజ్’ అంటే ఇస్తారు, అదే నీకు ఎక్కువవుతుంది. కాఫీ లోపల కౌంటరు దగ్గర నిలబడి తాగు, బయట బల్ల దగ్గరైతే ఎక్కువ తీసుకుంటారు. కుళాయి నీళ్ళు మంచివే, సీసాలు కొనకు. నూనె కవళ్ళు తినాలని ఉందని మీ నాన్నతో అన్నావట, వాటి కాలం వేసవి, ఈసారికి ఉప్పు కాడ్ చేపతో సరిపెట్టుకో. యాభై యూరోల నోటొకటి మేజోడులో పెట్టుకుని, దాన్ని మరిచిపో. అదీ అయిపోతే, అర్ధరాత్రయినా సరే, నాకు ఫోను చెయ్యి. ఎందుకు అని అడగను.

సంతలో పాత వాచీలు కనబడితే నా కోసం వెతకవద్దు. ఆ గొంది పేరూ నాకు తెలియదు. ఎవరైనా నీ బిల్లు బల్ల మీది కాగితం మీద రాస్తే మాత్రం, డబ్బు కట్టేశాక ఆ ముక్క చించి ఇవ్వమని అడిగి, నాకు తెచ్చిపెట్టు.

పెద్దమ్మ స్వెట్టరు మరిచిపోవద్దంటోంది.

నీ
పెద్దనాన్న