దర్వాజకాడి ముచ్చట: ఓ కొత్త కథకునికి ఉత్తరం

తమ్మీ,

నీ కథ చదివిన. నల్లగొండ రామగిరిల ఓ ఇంటికి పొద్దుమూకే యాళ్లకు ఇద్దరు మోర్మన్ పిల్లగాండ్లు (అమెరికాల పుట్టిన ఓ క్రైస్తవ సంఘం మిషనరీలు) రావుడు, ఇంట్ల ఒక్కతే ఉన్న అత్తమ్మ వాళ్లతోని ముచ్చట వెట్టుడు, ఎత్తుగడ మంచిగున్నది. అత్తమ్మ నోట్ల మాట కూడా మనదే. వచ్చినోళ్ల కాడనే తేడా కొట్టింది. వాళ్ల కట్టుబాట్లేందో నువ్వు కనుక్కోలేదు. అందుకే టై కట్టుకున్న పాస్టర్ల లెక్క ఊకె వాక్యం చెప్తున్నరు. ఇసొంటి కథ వాదన మీద నడవదు. ఇంటోళ్ల మర్యాదకు, వచ్చినోళ్ల నియమానికి ఎక్కడ తట్టుకుంటదో అక్కడ నడుస్తది.

మొదలు, వాళ్లు నల్లగొండకు ఎట్లొచ్చిన్రో చెప్పు. ఆ మిషనరీలు మనసైన ఊరికి బస్సెక్కి పోరు. ఎక్కడ పని చెయ్యాల్నో పైనుంచి చెప్తరు, ఆ ఏరియా దాటాలంటే అనుమతి కావాలె. వాళ్ల సంఘానికి హైదరాబాదుల మంచి బలమే ఉన్నది. దేశంల వాళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012ల అక్కడనే ఏర్పడ్డది. కాబట్టి అక్కడ ఆ చర్చికి పొయ్యే చుట్టమో, ఒకప్పటి కిరాయిదారో అత్తమ్మ పేరు చెప్పిండని పెట్టు. ఎట్లాగూ మన దగ్గర గేటు తీసినోళ్లు అడిగే మొదటి మాట "ఎవరు పంపిన్రు బిడ్డా?" అనే కదా. ఆ జవాబుతోనే నీ కథకు మూడో మనిషి దొరుకుతడు.

ఇగ అసలు తప్పు. మొగపిల్లలు ఇద్దరూ అత్తమ్మ ఒక్కతే ఉన్న ఇంట్లకు పొయ్యి సోఫాల కూసున్నరని రాసినవ్. కూసోరు. ఆడమనిషి ఒక్కతే ఉంటే లోపలికి పోవద్దని వాళ్లకు నియమం, తోడుగ ఇంకో పెద్దమనిషి ఉండాలె. గేటుకాడనో అరుగు మీదనో నిలవడే మాట్లాడుతరు, లేకుంటే సార్ ఇంట్ల ఉన్నప్పుడు వస్తమంటరు. అత్తమ్మకు ఈ సంగతి ఏం తెలుసు? ఇంటికొచ్చినోళ్లను వాకిట్ల నిలవెడితే తనకు నామోషి. "లోపలికి రాండ్రి, కూసోండ్రి" అని ఆమె, "పర్లేదమ్మా, ఇక్కడే బాగుంది" అని వాళ్లు. ఇంత మంచి పెనుగులాట కథల ఉచితంగ దొరుకుతుంటే సోఫా ఎందుకు? ఎదురింటామె తొంగిచూసుడు కూడా ఇక్కడనే పనికొస్తది, "ఎవరక్కా వాళ్లు, మతం మార్సేటోళ్లా?" అని.

మామ వచ్చినంక లోపలికి పోనీ. అప్పుడు బూట్లు చూపియ్యి. మన దర్వాజకాడ చెప్పులు వదిలినంత సులువు కాదు. అవి లేసుల బూట్లు. ఒకడు వంగి ముడి విప్పుకుంటడు, ఇంకొకడు గోడ పట్టుకోని ఒంటికాలు మీద నిలవడుతడు, ఎర్రమట్టి అంటిన మడమను రెండో బూటుతోని తొక్కి ఊడదీస్తడు. మామ పైనుంచి చూస్తుంటడు. అంతసేపు ఎవరూ ఏం మాట్లాడరు. నువ్వు రాసిన రెండు పేజీల వర్ణన కంటే ఈ నాలుగు వాక్యాల పనితనం ఎక్కువ.

తర్వాత చాయ్. నీ కథల ఇద్దరూ చాయ్ తాగి మెచ్చుకున్నరు. వాళ్లు చాయ్ ముట్టరు, కాఫీ ముట్టరు. సిగరెట్టు, మందు సరే సరి, మన కల్లు కూడా. 1833ల వాళ్ల ప్రవక్త జోసెఫ్ స్మిత్‌కు వచ్చిందనే ఉపదేశం ప్రకారం నడిచే నియమం అది. మజ్జిగ, పాలు, బూస్టు ఇస్తే తాగుతరు. అయితే ఈ వివరం తెలిసింది కదా అని ఒక్క వాక్యంల చెప్పి దాటిపోకు. ఆ ఇల్లు ఎవరిదనేది చూసుకో. మన ఊర్లల్ల మాలమాదిగల ఇండ్లల్ల చాయ్ వద్దన్న మాటకు వేరే చరిత్ర ఉన్నది. హోటల్ల వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసిన మనిషి, తెల్లచొక్కా పిలగాడు చాయ్ గ్లాసు పక్కకు జరిపితే ఏమనుకుంటడు? "మా ఇంట్లది తాగరా?" అంటడు. ఆ పిలగాడు ఎర్రవడ్డ మొకంతోని నీళ్లు అడిగి తీసుకోని, గటగట తాగి, ఖాళీ గ్లాసు చేతికిస్తడు. గొడవ అక్కడ సగం తెగుతది, సగం మిగులుతది. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఇల్లయితే నీళ్లిచ్చే ముందు "బోరువి కాదు బిడ్డా, కృష్ణా నీళ్లే" అని ముసలామెతోని అనిపించు. ఫ్లోరైడు ఊర్ల పెద్దలకు ఆ మాట చెప్పకుంట గ్లాసు అందియ్య బుద్ధి కాదు.

వాళ్ల మాట తీరు సంగతి. "మేము మోర్మన్లం" అని చెప్పుకుంటున్నట్టు రాసినవ్. 2018 నుంచి ఆ పేరు వాడొద్దని, సంఘం పూర్తి పేరే చెప్పాలని వాళ్ల అప్పటి అధ్యక్షుడు గట్టిగ చెప్పిండు. "యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము" అంటరు, ఛాతి మీద నల్లపలకల తెల్ల అక్షరాలతోని ఉండేది కూడా సంఘం పూర్తి పేరే. మోర్మన్లనేది మామ నోట్ల పెట్టు, ఫోన్ల చూసి అడిగినట్టు. ఒకరినొకరు ఇంటిపేరుకు ముందు 'ఎల్డర్' తగిలించి పిలుచుకుంటరు, సొంతపేరుతోని కాదు. ఎప్పుడూ జంటగనే తిరుగుతరు. మొగపిల్లలు పద్దెనిమిది నుంచి ఇరవైఐదేండ్ల లోపల బయలుదేరుతరు, సేవ రెండేండ్లు. జీతం లేదు, ఖర్చు సొంతం. అందుకే వాళ్లను పండితులను చేసి రాయొద్దు. డిగ్రీ పిలగాని బెరుకు ఉండనీ. ఒకడు రాజమండ్రోడయితే "కూర్చుంటామండీ" అంటడు, మామ "ఆంధ్రోల్లా?" అంటడు. యాస తేడాతోనే ఇద్దరినీ ఆనవాలు పట్టొచ్చు.

జోసెఫ్ స్మిత్ కథను ఏడు పేరాలు నడిపినవ్. మూడు లైన్లకు దించు: 1820ల న్యూయార్క్ రాష్ట్రంల పద్నాలుగేండ్ల పిలగాడు ఏ చర్చిల చేరాల్నో తెల్వక చెట్లల్లకు పొయ్యి ప్రార్థన చేసిండు, తండ్రి, కుమారుడు ఇద్దరూ కనిపించిన్రన్నడు, 1830ల మోర్మన్ గ్రంథం అచ్చయింది. అంతే. నడుమ కుక్కర్ విజిల్ వేయించు.

ఆ పుస్తకం చేతికిచ్చినప్పుడు ఏమైతదనేది మాత్రం తీరికగ రాయి, ఎందుకంటే ఇల్లు మారితే సీను మారుతది. నీ అత్తమ్మ అయితే కండ్లకద్దుకోని దేవుని అర్రల పెడ్తది, చదవది. అదే దేవరకొండ, జడ్చర్ల దిక్కు మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ చర్చిల పుట్టి పెరిగిన టీచరమ్మ అనుకో, అస్సలు ఊకోదు. "బైబిలుండంగ ఇంకో పుస్తకమెందుకు?" అని ప్రకటన గ్రంథం 22వ అధ్యాయం 18వ వచనం తీసి ముందట పెడ్తది, ఈ మాటలకు ఏం కలపొద్దని ఉన్నదని. పిలగాని దగ్గర జవాబు ఉంటది, అది ఆ ఒక్క గ్రంథానికే చెప్పిన మాట, ద్వితీయోపదేశకాండం నాలుగులనూ ఇట్లనే ఉన్నది, దాని తర్వాత ఎన్ని పుస్తకాలు రాలేదు అని. ఇద్దరికీ ఎదుటోళ్ల మాట ముందే తెలుసు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ వేర్వేరు వ్యక్తులని వాళ్లు, ముగ్గురూ ఒక్క దేవుడేనని ఈమె. నాకడిగితే నువ్వు ఈ టీచరమ్మ ఇంటికే కథను మార్చుకో. ఏం తెల్వని అమాయకురాలి ముంగట మిషనరీని నిలవెట్టుడు సులువు పని, దాంట్ల కథ తక్కువ.

ఎక్కువ పెండ్లిండ్ల ముచ్చట ఎవరన్న తీస్తే, ఆ సంఘం 1890లనే దాన్ని వదులుకుంటున్నట్టు ప్రకటించిందని, ఇప్పుడట్ల చేసుకుంటే సభ్యత్వం పోతదని గుర్తుంచుకో. పిలగాడు ఆ ప్రశ్నకు అలవాటుపడి ఉంటడు, కోపం తెప్పియ్యకు.

ముగింపుల మామ పుస్తకం విసిరికొట్టుడు సినిమా లెక్కున్నది, తీసెయ్యి. లేచే ముందు వాళ్లు చిన్న ప్రార్థన చేద్దామా అని అడుగుతరు, నాలుగు పేజీలు చదివి నిజమో కాదో దేవున్నే అడగమంటరు, మళ్లెప్పుడు రావాలె అని రోజు, టైము పెట్టుకుంటరు. "చూద్దాం తియ్" అంటది టీచరమ్మ. నల్లగొండోళ్లకు దానర్థం తెలుసు, ఆ పిల్లలకు తెల్వదు, డైరీల గురువారం ఆరింటికని రాసుకుంటరు. ఆపై మూడు పేజీలు కొట్టేసి తిరగరాసి పంపు.

నీ అన్న