అలిహీస్‌లో బస: కొండవాలు కాటేజీనా, ఊళ్లో గదా?

అమ్మానాన్నలను తీసుకుని ఐర్లండ్ నైరుతి కొసన, బేరా ద్వీపకల్పం చివర ఉన్న అలిహీస్‌లో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నామని, సముద్రం కనబడే ఒంటరి కాటేజీ తీసుకోవాలో, ఊళ్లో గది తీసుకోవాలో, దగ్గర్లోని క్యాజిల్‌టౌన్‌బేర్ పట్టణంలో దిగి పగటిపూట వచ్చి పోవాలో తేలడం లేదని మీరు అడిగారు. నేను ఆ ఊళ్లో రెండుసార్లు ఉన్నాను, మొదటిసారి కాటేజీలో, రెండోసారి ఊరి నడుమ. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు పబ్బుకూ దుకాణానికీ నడిచి వెళ్లగలిగే చోటే తీసుకోమని చెబుతాను.

మొదటిసారి మా అమ్మానాన్నలతో అక్టోబరులో వెళ్లాం. ఫొటోలో కిటికీ నిండా సముద్రం కనిపించింది, అంతకు మించి ఏమీ అడగకుండా డబ్బు కట్టేశాను. కార్క్ నగరం నుంచి మధ్యాహ్నం భోంచేసి బయలుదేరి, దారిలో హీలీ పాస్ అనే కొండ కనుమ దగ్గర ఆగి, అలిహీస్ చేరేసరికి చీకటి పడింది, పైగా పొగమంచు కమ్ముకుంది. యజమాని ఇచ్చిన చిరునామాలో ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. పల్లె పేరొక్కటే ఉంది, ఆ పేరుతో అక్కడ ఎన్నో ఇళ్లున్నాయి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోక తప్పని సందులో ముప్పావు గంట తిరిగాం. ఐర్లండ్‌లో 2015 నుంచి ప్రతి ఇంటికీ విడిగా ఎయిర్‌కోడ్ అనే, అక్షరాలూ అంకెలూ కలిపి ఏడుండే పిన్‌కోడ్ లాంటిది ఉంది, అదొక్కటి అడిగి ఉంటే సరిపోయేది. తీరా లోపలికి వెళ్లాక పడకగది అటక మీద ఉందని తెలిసింది. నిచ్చెనకూ మెట్లకూ మధ్యరకంగా ఉన్న వాటిని మా అమ్మ ఒకసారి చూసి, మోకాలు పట్టుకుని సోఫాలోనే పడుకుంది.

మర్నాడు పొద్దున వేడినీళ్లు రాలేదు. అక్కడి పాత ఇళ్లలో నీళ్లు కాగడానికి ‘ఇమ్మర్షన్’ అనే స్విచ్ ఉంటుంది. దానికి ‘సింక్’, ‘బాత్’ అని రెండు స్థానాలు. సింక్ వైపు ఉంటే ట్యాంకులో పైనున్న కాసిని నీళ్లే కాగుతాయి, అవి ఒక మనిషి స్నానానికి కూడా చాలవు. నాన్న చన్నీళ్లే పోసుకుని, రోజంతా నాతో ముక్తసరిగా మాట్లాడారు.

విడి ఇల్లు వద్దనడానికి ఇంకో కారణం ఆ నేలే. 1812 ప్రాంతంలో స్థానిక భూస్వాములైన పక్స్‌లీ కుటుంబం ఇక్కడ పెద్ద ఎత్తున రాగి తవ్వకం మొదలుపెట్టింది, 1880ల దాకా గనులు నడిచాయి, ఆనాటి నిట్టనిలువు గోతులు కొండమీద ఇంకా ఉన్నాయి. కంచెలు వేశారు, గుర్తులు పెట్టిన కాలిబాటలూ ఉన్నాయి. అయినా పరిచయం లేని కొండ మీద ఇంటి వెనక నుంచి అడ్డదారిన నడవడం మంచిది కాదు, పొగమంచు దిగినప్పుడు మరీను.

రెండోసారి జూన్‌లో ఊళ్లోనే కింది అంతస్తు గది తీసుకున్నాం. అక్కడి నుంచి చూస్తే కొండమీద రాతి ఇంజన్ హౌస్ కనబడుతుంది. 1862లో కట్టిన ఆ కట్టడంలోని యంత్రమే కూలీలను గనిలోకి దించి పైకి తెచ్చేది. వాన పడిన పూట గొడుగేసుకుని గనుల మ్యూజియానికి నడిచి వెళ్లాం. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్ల కోసం 1845లో కట్టిన మెథడిస్ట్ చర్చిలోనే అది ఉంది, లోపల కాఫీ కూడా దొరుకుతుంది. సాయంత్రాలు బాలీడోనెగన్ బీచ్‌కు వెళ్లేవాళ్లం. అక్కడి ఇసుక సముద్రం తెచ్చినది కాదు, ఖనిజం కోసం పిండి చేసిన రాయి వాగులో కొట్టుకొచ్చి తీరాన మేట వేసింది. అమ్మ గుప్పెట పట్టి చూసి, ఇది ఇసుక కాదు, బరక నూక అంది. రాత్రి పది దాకా వెలుతురు ఉండే ఆ నెలలో, పెద్దవాళ్లు లేకుండా మీరే వెళ్తే, కాటేజీ తీసుకున్నా నేను వద్దనను.

క్యాజిల్‌టౌన్‌బేర్ పెద్ద చేపల రేవు. సూపర్‌మార్కెట్, పెట్రోలు, మందుల షాపు అన్నీ అక్కడే దొరుకుతాయి. కానీ అక్కడ దిగితే ఆ వంకర రోడ్డు మీద పూటపూటా అరగంట తిరగాలి, అలిహీస్‌లో సాయంత్రం గడపడం కుదరదు. వెళ్లేటప్పుడు సరుకులు అక్కడే కొనుక్కుని ముందుకు సాగండి.

ద్వీపకల్పం కొస నుంచి సముద్రం మీదుగా డర్సీ దీవికి వెళ్లే కేబుల్ కారుకు దగ్గరని ఒక ఇంటిని ఎంచుకోకండి. 1969లో మొదలైన ఆ పెట్టెలో ఒక విడతకు ఆరుగురే పడతారు, గాలి ఎక్కువైతే ఆపేస్తారు; రెండుసార్లూ మాకు ఎక్కే యోగం లేకపోయింది. డబ్బు కట్టే ముందు ఎయిర్‌కోడ్, పడకగది ఏ అంతస్తులో ఉందో, వేడినీళ్లూ గది వెచ్చదనమూ దేని మీద నడుస్తాయో, తుపాను హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కి ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడగండి. శాకాహారులైతే వంటగది ఉన్న బసే చూసుకోండి. మేము దిగిన రోజున పబ్బులో మాంసం, చేప లేనివి సూపూ, బంగాళాదుంప వేపుళ్లే. మా నాన్న రెండో రాత్రికి వాటికి దణ్ణం పెట్టేశారు.