నగదు పార్టీతో పోటీకి దిగకండి

షాద్‌నగర్‌లో 60 లక్షల ఇల్లు, డాక్యుమెంటులో 40 లక్షలే రాస్తారట, హైదరాబాద్ పార్టీ ఒకరు మొత్తం సొమ్ముతో రెడీగా ఉన్నారట, వారంలో తేల్చమంటున్నారు, కొనమంటారా అని జడ్చర్ల నుంచి ఒకరు అడిగారు. పోలేపల్లి సెజ్‌లో ఉద్యోగం, చేతికి 72 వేలు, దాచుకున్నది 11 లక్షలు.

వద్దండి. ఈ నెలలో ఇలాంటి ఉత్తరాలు ఇంకా వచ్చాయి, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా.

ఆ హైదరాబాద్ పార్టీ లెక్క వేరు. ఒక ఆస్తి అమ్మి, లాభం మీద పన్ను మినహాయింపు కోసం రెండేళ్లలోపు ఇల్లు కొనాల్సినవాళ్లు ఎక్కువగా బేరమాడరు. బ్యాంకు వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్ అంటూ ఆగరు కాబట్టి అమ్మేవాళ్లకూ వాళ్లే ముద్దు. వాళ్లు ఒక్క ఇంటికి ఇచ్చిన రేటే మర్నాటి నుంచి ఆ వీధి మొత్తానికీ రేటవుతుంది. జీతం మీద బతికేవాళ్లు ఆ రేటును అప్పుతో అందుకోవాలనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది.

మీ లెక్కే చూడండి. బ్యాంకు 40 లక్షల మీద 80 శాతం, అంటే 32 లక్షలే ఇస్తుంది. పైన 20 లక్షల నగదు, మార్జిన్, అంటే ఆ 40లో బ్యాంకు ఇవ్వని 8 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున 3 లక్షలు. మీ 11 లక్షలు ఊడ్చిపెట్టినా ఇంకో 20 లక్షలు కావాలి. దానికి బంగారం మీద 5, పర్సనల్ లోన్ 7, రెండు రూపాయల వడ్డీకి 8 లక్షలు తెస్తానంటున్నారు! రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, అసలు పైసా తగ్గకుండా నెలకు 16 వేలు వడ్డీకే. అన్నీ కలిపితే నెలకు 64 వేలు దాటుతుంది. మిగిలిన ఏడెనిమిది వేలతో బియ్యం కొంటారా, పిల్లల ఫీజు కడతారా?

ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా ఆ రోజుతోనే పోతుంది. అందుకే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, విడిగా ఎఫ్‌డీలో పెట్టండి. ఇల్లు కొన్న మర్నాడు కూడా ఆ డబ్బు అక్కడే ఉండాలి. అలా ఉండకపోతే ఆ ఇల్లు మీ తాహతుకు మించిందే. కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా కూడా తీసుకోండి.

20 లక్షలు నగదుగా ఇస్తే రేపు అమ్మేటప్పుడు మీ కొనుగోలు ధర 40 లక్షలే అవుతుంది, ఆ 20 లక్షలూ మీ లాభం కిందే లెక్కకొచ్చి పన్ను మీ మీదే పడుతుంది. మహబూబ్‌నగర్‌లో చిన్న ఇల్లు, పూర్తి ధరకు డాక్యుమెంటు రాసేదైతే చూడొచ్చు. బయానా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే అగ్రిమెంట్ కాపీ పట్టుకుని ఈ వారమే వకీలును కలవండి.