“ఈ బొమ్మలాటకు జీతమెవరిస్తారు?”

ప్రశ్న: మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చెరువుల దగ్గర కట్టే సందర్శక కేంద్రాల్లో పిల్లలు ముట్టుకుని ఆడే ప్రదర్శనలు డిజైన్ చేస్తానంటోంది. ఈ బొమ్మలాటకు జీతమెవరిస్తారు? సీఎస్‌ఈ మేలా, ఇది మేలా? పోనీ, వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తల్లి, పోరుమామిళ్ల

అమ్మా, మీరడిగింది కోర్సు గురించి, మీ భయం చుట్టాల గురించి. వాళ్లను ఈ లెక్కలోంచి తీసేయండి. ‘బొమ్మలాట’ అన్న మాట పాప ముందు ఇంకోసారి అనకండి.

వీఆర్ కళ్లద్దాల పెట్టె ఒకసారికి ఒక్కరికే. బడి బస్సులోంచి 50 మంది దిగితే, తలా మూడు నిమిషాలకు రెండున్నర గంటలు. చెమట తుడవాలి, చార్జింగ్ పెట్టాలి. చెడిపోతే బాగుచేసే మనిషి ఊళ్లో ఉండడు, గుడ్డ కప్పి మూలన పెట్టేస్తారు. ఆ ఒక్క పరికరం నేర్పే కోర్సుకు డబ్బు పోయకండి.

అసలు పని చూడాలంటే మీ ఊరి చెరువే చాలు. అక్కడి 1369 నాటి శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. బోర్డు మీద రాస్తే ఎవరూ చదవరు. కట్ట, తూము, మరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) ఉన్న నీళ్ల నమూనా పెట్టి పిల్లల చేత తూము బిరడా ఎత్తించండి, కాలువ పారుతుంది. మరవ మూయించండి, నీళ్లు కట్టెక్కుతాయి. ఆరేళ్ల పిల్లకు అందాలంటే బల్ల 70 సెంటీమీటర్లు దాటకూడదు. మన బోరు నీళ్ల సున్నం నమూనాలో నీళ్లు తిప్పే పంపు రెక్కలకు పట్టి ధార సన్నబడుతుంది, అందుకే విప్పి కడగడానికి పక్కన తలుపు వదలాలి. బోర్డు మీద ఇంగ్లీషు వరసల మధ్య వదిలే ఎడంలోనే తెలుగు రాస్తే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది.

చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో గూళ్లు కట్టే కొంగల ప్రదర్శనలో ‘మీట నొక్కితే కూత’ పెట్టడం తప్పు. ఎదిగిన ఆ కొంగ దాదాపు కూయదు, ముక్కు టకటకలాడిస్తుంది. రెండు చెక్కముక్కలు తాడుతో కట్టి ఇస్తే పిల్లలే ఆ చప్పుడు చేస్తారు. కరెంటు పనే లేదు.

అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎగ్జిబిషన్ డిజైన్ ఉంది. కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. తిరుపతి సైన్స్ సెంటర్ లాంటివి నడిపే జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి, ప్రదర్శనలు తయారుచేసే సంస్థలు ఉద్యోగాలిస్తాయి. సీఎస్‌ఈ అంత విరివిగా కాదు, చేసిన పనికి బిల్లులూ ఆలస్యమవుతాయి. అయినా ఈ చేతిపని వచ్చినవాళ్లకు షోరూమ్‌లు, ఆసుపత్రుల దారి బోర్డులు, ఆటవస్తువులు ఉండనే ఉన్నాయి. పాప ఖాళీగా కూర్చోదు.

పరీక్షలయ్యాక ప్లాస్టిక్ తొట్టి, బంకమట్టి, పైపు ముక్క ఇప్పించి, చిన్న చెరువు నమూనా చేయమనండి. వీధిలో పదిమంది పిల్లల చేత ఆడించి, ఏమీ చెప్పకుండా, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసుకోమనండి. డిజైన్ ఇంటర్వ్యూకు ఆ కాగితాలే పట్టుకెళ్లాలి.