26 అంగుళాల సైకిల్‌ను ట్రయల్స్‌కు మార్చాలంటే ఎన్ని పళ్లు, ఏ క్రాంకు?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: అనంతపురంలో డిగ్రీ చదువుతున్నావు, పాత 26 అంగుళాల గేర్ల సైకిల్ ఉంది, దాన్ని ట్రయల్స్‌కు, అంటే కాలు కింద పెట్టకుండా బండలూ రాళ్లూ ఎక్కే సైకిల్ ఆటకు మార్చుకోవాలి, ముందు 22 పళ్లు వెనక 18 వేయాలా, లేక ఇంకా తేలికగా ఉండేలా వెనక 20 వేయాలా, క్రాంకు (పెడల్ బిగించే చేయి) పొడవు 170 మిల్లీమీటర్లు మంచిదా 175 మంచిదా. నేను కర్నూల్లో నాలుగేళ్ల నుంచి ఇదే పని మీద ఉన్నాను, రెండూ వేసి చూశాను. 22-18 వేసుకో.

గేరు తేలికైతే బండ ఎక్కడం కూడా తేలికవుతుందని మొదట్లో నేనూ అనుకున్నా. కానీ వెనక చక్రం మీద నిలబడి ఎగిరేటప్పుడు మనకు దొరికేది ఒక్క తన్ను, అంటే క్రాంకు పావు చుట్టు, అంతకు మించి ఉండదు. ఆ పావు చుట్టులో 22-18తో చక్రం సుమారు 63 సెంటీమీటర్లు పోతుంది, 22-20తో 57. ఆరు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ మా మిద్దె వెనక బేతంచెర్ల బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎక్కిన ప్రతిసారీ ఇంకో బండ పెంచుకుంటూ పోతే, 22-20తో ఒక ఎత్తు దగ్గర కాలు కిందికి వచ్చేసేది, టైరు మాత్రం అంచుకు తగిలి వెనక్కి వచ్చేది. వారం తర్వాత 18 వేసి చూస్తే అదే రోజు ఇంకో రెండు బండలు ఎక్కింది. ఇంకా బరువు గేరుకు పోవద్దు, నిలబడిన చోటి నుంచి తన్నలేవు.

20 అంగుళాల ట్రయల్స్ సైకిళ్లకు 18-12 ఉంటుంది, వీడియోల్లో చూసి అది కాపీ కొట్టకు. వాటి చక్రం చిన్నది, కాబట్టి ఒక చుట్టుకు పోయే దూరం చివరికి మన 22-18కి దగ్గరగానే వస్తుంది.

నువ్వు అడగలేదు గానీ, పళ్ల కన్నా ముందు చూడాల్సింది ఫ్రీవీల్, అంటే ముందుకు తొక్కితే పట్టుకుని, తొక్కడం ఆపితే ఖాళీగా టిక్ టిక్ అని తిరిగే పళ్ల చక్రం. మామూలు సైకిళ్లకు వేసే 18 పళ్ల ఫ్రీవీల్ ఏ షాపులో అయినా దొరుకుతుంది, చవక, నేనూ అదే వేశాను. హంద్రీ ఒడ్డున రాళ్ల మీద గట్టిగా తన్నిన క్షణంలో లోపలి నాలుక పట్టు తప్పింది, పెడల్ ఖాళీగా తిరిగిపోయి మోకాలి కింద ఎముకకు కొట్టింది. ఏడు కుట్లు, నెల రోజులు సైకిల్ ముట్టలేదు. ఆ ఫ్రీవీల్‌కు చుట్టుకు 20 క్లిక్కులే. అంటే అది పట్టుకునేలోపు పెడల్ నాలుగు సెంటీమీటర్ల పైనే ఊరికే జరగొచ్చు. అసలు ట్రయల్స్ సైకిళ్లలో చాలావాటికి ఫ్రీవీల్ ముందు క్రాంకు మీదే ఉంటుంది, వెనక పళ్ల చక్రం ఫిక్స్‌డ్. 72 క్లిక్కులది అక్కడ వేస్తే ఆ ఖాళీ ఒకటిన్నర సెంటీమీటరుకు పడిపోతుంది. ఖరీదు ఎక్కువే, నేను ఏడాది డబ్బులు కూడబెట్టి తెప్పించుకున్నా. అది వచ్చేదాకా నువ్వు నేల మీద బ్యాలెన్స్, చిన్న చిన్న హాప్‌లు (సైకిల్‌తో గెంతడం) మాత్రమే చెయ్యి, ఎత్తులు వద్దు, ఈ మాట గట్టిగానే చెబుతున్నా.

ఇక క్రాంకు. 170, 175 మధ్య తేడా 3 శాతం, వెనక ఒక్క పన్ను మారిస్తేనే దాదాపు 6 శాతం. కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు, ఉన్నది వాడుకో. ఇరుసుకు అడ్డంగా పిన్ను కొట్టి బిగించే కాటర్ పిన్ను క్రాంకు మాత్రం అస్సలు వద్దు, ఇన్ని దెబ్బలకు ఆ పిన్ను నిలవదు. ముందు మూడు పళ్ల చక్రాలుంటే, మధ్యలోని 32 పళ్ల చక్రాన్ని గ్రైండర్ మీద పళ్లు అరగదీయించి అక్కడే బిగిస్తే రాళ్ల అంచు తగిలినా చైనుకు దెబ్బ తగలదు, పెద్ద చక్రం తీసెయ్యి. చైను కొత్తది వెయ్యి, వదులు ఉండకూడదు.

నీ ఫ్రీవీల్ ఒక చుట్టు చేత్తో తిప్పి ఎన్ని క్లిక్కులు వస్తాయో లెక్కపెట్టు, క్రాంకు లోపలి వైపు పెడల్ రంధ్రం దగ్గర నంబరు ఉంటుంది చూడు. రెండూ రాస్తే ఏది ఉంచుకోవాలో, ఏది మార్చాలో చెబుతాను.