దుకాణం తెరిచే ముందు పది నిమిషాలు

చిరంజీవి మేనల్లునికి మేనమామ ఆశీస్సులు.

హాలియాలో ఎరువుల దుకాణం పెట్టిన కాన్నుంచి కోపం ఆగుతలేదనీ, ఉద్దెర మనుషులతో రోజూ మాటామాటా పెరుగుతోందనీ రాసినవు. పొద్దున్నే ఏదన్నా మంచి పుస్తకం చదివితే మనసు అదుపులోకి వస్తదా అని అడిగినవు. వస్తది. అయితే ఒట్టి చదువుతో రాదు. పొద్దున చదివినదాన్ని ఆ రోజే ఒక మనిషి ముందు, ఒక మాట దగ్గర వాడి చూస్తేనే వస్తది. అందుకే పుస్తకాల సంగతి తర్వాత, ముందు పద్ధతి చెప్తా.

వంద పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకో. ఎడమ పేజీ పొద్దుటికి, కుడి పేజీ రాత్రికి. మొఖం కడుక్కున్నాక, ఫోను ముట్టకముందే కూర్చోవాలె. ముందు ఫోను చూసినవంటే స్టాకు గురించి డీలరు పెట్టిన మెసేజో, ఏదో గ్రూపులో జరిగిన వాదనో తలకెక్కుతది. ఇక కండ్లు పద్యం మీద, మనసు దాని మీద. పది నిమిషాలు చాలు. ఒక్క పద్యం, లేదంటే ఎనిమిది పది వాక్యాలు, అంతకు మించొద్దు. ఒకసారి పైకి చదువు, ఇంకోసారి మెల్లగా చదువు. తర్వాత దాని భావం నీ మాటల్లో ఒక్క వాక్యం రాయి. పుస్తకంలో ఉన్న తాత్పర్యం ఎక్కించొద్దు. దుకాణంలో హమాలీకి చెప్తే అర్థమయ్యేటట్టు ఉండాలె. అట్ల రాయరాకపోతే నీకింకా అర్థం కాలేదన్నమాట, రేపు కూడా అదే చదువు.

దాని కింద రెండో వాక్యం, ఇయ్యాల దాన్ని ఎక్కడ వాడతవో. అందరూ తప్పేది ఇక్కడనే. "కోపం తగ్గించుకుంటా" అని రాస్తే సాయంత్రానికి ఏమీ మిగలదు. "పాత బాకీ ఉన్న మనిషి మళ్ల ఉద్దెరకు వస్తే, ఖాతా పుస్తకంలో అతని పేజీ తీసేదాకా నోరు తెరవను" అని రాయాలె. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా అని ముందే ముడిపెట్టుకుంటే సందర్భమే గుర్తు చేస్తది. ఉత్త సంకల్పం కన్నా ఇది బాగ నిలుస్తదని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరంగా చూపించిండు.

మొదలు సుమతీ శతకంతో పెట్టు. అన్నీ కంద పద్యాలు, పొట్టివి, నాలుక మీద నిలుస్తయి. ఆడవాళ్ల మీద, కులాల మీద చెప్పిన పద్యాలు కొన్ని ఉన్నయి, అవి ఈ కాలానికి పనికిరావు, వదిలెయ్. ఒక్కో పద్యానికి మూడు రోజులియ్యి. "వినదగు నెవ్వరు చెప్పిన" తీసుకో. మొదటి రోజు ఏదీ మార్చొద్దు, ఎదుటివాడు మాట్లాడుతుంటే ఎన్నిసార్లు అడ్డం పడ్డవో బిల్లు పుస్తకం వెనుక గీతలు గీసుకో. రెండో రోజు, అతను ఆగేదాకా ఆగు. మూడో రోజు, ఆగి జవాబుకు ముందు ఒక ప్రశ్న అడుగు: "ఎన్ని ఎకరాలు వేసినవే?", "నాటు ఎప్పుడు పడ్డది?" ఇట్ల. అడ్డం పడ్డ గీతలు ఎక్కువగా అప్పు ఉన్న మనుషుల దగ్గరే ఉంటయి, నగదు ఇచ్చేవాళ్ల దగ్గర తక్కువ. ఆ తేడా కంటితో చూసినంక నీ ఓపిక ఎవరి కోసమో నీకే తెలుస్తది.

నెల గడిచినంక కోపానికి రా. భగవద్గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాలు వారం రోజులు పట్టుకో. తలపోయడం, అంటుకోవడం, కోరడం, ఆ తర్వాత కోపం. కోపం నాలుగో మెట్టు. దాని తర్వాతనే తికమక, మరుపు, బుద్ధి చెడడం. కౌంటరు దగ్గర నువ్వు పట్టుకోజూసేది నాలుగో మెట్టును, అప్పటికే ఆలస్యం. నువ్వు రాసిన ఆ పన్నెండు వేల బాకీని స్నానంలో, అన్నం కాడ, బండి మీద తలపోసినవు చూడు, అది మొదటి మెట్టు. అందుకే బాకీల లెక్కకు సాయంత్రం అరగంట కేటాయించు. మిగతా వేళల్లో అది తలకొస్తే "ఆరింటికి" అనుకొని చేతిలో పని మీదికి మళ్లు. వారంలో తేడా తెలుస్తది.

ఇక మనుషుల స్వభావం. రోమును క్రీ.శ. 161 నుంచి 180 దాకా ఏలిన చక్రవర్తి మార్కస్ అరీలియస్ తన కోసం రాసుకున్న మాటల్లో, ఇయ్యాల నాకు కృతఘ్నులు, పొగరుబోతులు, అసూయపరులు ఎదురవుతరని పొద్దున్నే అనుకోమంటడు. అక్కడనే ఆపితే అందరి మీద అనుమానం పెరుగుతది. ఆయన ఆపలేదు, వాళ్లూ నా బంధువులే, కలిసి పనిచెయ్యనీకే పుట్టినం అన్నడు. నువ్వు చేయాల్సింది ఏందంటే, ఇయ్యాల రాబోయే ఒక్క మనిషి ఏమంటడో పొద్దున ఊహించి రాయి, రాత్రి సరిచూడు. సగం తప్పుతయి. ఎందుకంటే అరిచినవాణ్ని మనం "వాడి గుణమే అంత" అంటం. సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టుకు నీళ్లందక వాని నారు ఎండుతున్నదేమో ఆలోచించం. తప్పిన ఊహ పక్కన ఆ కారణం రాసిపెట్టు. నెల తిరిగేసరికి ఏ మనిషి ఎప్పుడు ఎందుకు అట్ల మాట్లాడుతడో నీకొక లెక్క దొరుకుతది.

రాత్రి మూడు వాక్యాలు: ఏం జరిగింది, నేనన్న మాట యథాతథంగా ఏంది, రేపు ఏమంటా. "నేను ఒట్టి కోపిష్ఠిని" అని రాయొద్దు, దానితో దిద్దుకునే పని ఆగిపోతది. పేర్లు రాయకు, మొదటి అక్షరం చాలు. నోటుబుక్కు ఇంకొకరి చేతిలో పడిన రోజు ఊళ్లె పంచాయితీ అయితది.

చెడిపోయే తావులు ఇంకొన్ని. చదివిన పద్యం వాట్సప్ స్టేటస్ పెట్టకు, పొగడ్త రాంగనే పని అయిపోయినట్టు మనసు నమ్ముతది. చదివినదాన్ని ఇంట్లో కోడలిపిల్లకు పాఠంలెక్క చెప్పకు. వేమన పద్యాలు మొదటి మూడు నెలలు ముట్టొద్దు. గొప్పవే, కానీ పదునెక్కువ, చదవంగనే ఎదుటివాని మీదికి విసరబుద్ధి అయితది. ఒక రోజు తప్పితే మరునాడు రెండు చదవకు, ఒకటే చదువు. ఆదివారం మాత్రం పద్యం బదులు సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర పది పేజీలు చదువు. మన పాలమూరు పెద్దమనిషి, 1955లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెనకటి మనుషుల తిండి, పందేలు, నమ్మకాలు, ఆటలు అందులో చూస్తుంటే నీ గల్లా ముందు నిలబడే మనుషులు కొత్తవాళ్లేమీ కారని తెలుస్తది.

వానాకాలం యూరియా రద్దీ రోజుల్లో పొద్దుటి చదువు పద్యంలో రెండు పాదాలకు కుదించు. రాత్రి రాత మాత్రం ఆపకు, ఆ రోజుల్లోనే రాయదగ్గవి ఎక్కువ జరుగుతయి.

ఇట్లు,
మీ మామ
నల్లగొండ